గరుకుగా వదిలేయమన్న బండి

"...అందుకే చెప్తున్నా మామయ్యా, దీనికి మెరుపు వద్దు. గరుకుగా వదిలెయ్!"

"మెరవని బండి నా షెడ్డులోంచి ఏనాడు బయటికెళ్లిందే?"

"ఇది ఊరేగే బండి కాదు."

"కాకపోతే మాత్రం? స్నానం చేయించి, తల దువ్వకుండా పంపమంటావా?"

పక్కన పంక్చర్లు వేసే అతను ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూడ్డం మానేసి చెవులు రిక్కించాడు. మామా మేనకోడళ్ల గొడవంటే అతనికి రేడియోతో సమానం.

మేనకోడలు బడిలో డ్రాయింగ్ టీచరు. బడి వెనక ఏళ్ల తరబడి తుప్పు పట్టి పడున్న కారుని తొమ్మిదో తరగతి పిల్లలతో పగిలిన పింగాణీ ముక్కలు అంటించి బొమ్మల బండిగా మార్చి లైబ్రరీ ముందు నిలబెట్టాలని ఆమె పట్టు. సోమవారానికల్లా పూర్తి కాకపోతే పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చేస్తానని హెడ్మాస్టరు ఖరాఖండీగా చెప్పేశాడు. తుప్పు గీకి, చిల్లులు పూడ్చి, తెల్లరంగు వేసే పని మేనమామ నెత్తిన పడింది.

వీధిలో ఆయన్ని అద్దం పెయింటర్ అంటారు. నలభై ఏళ్లుగా ఆయన పెట్టుకున్న పరీక్ష ఒకటే: బానెట్ మీదికి వంగితే తన మీసం వెంట్రుక వెంట్రుకా కనిపించాలి. ఒకసారి ఎవరికో బండి అప్పగించాక, తలుపు కింది అంచున, ఎవరూ వంగి చూడని చోట చిన్న గీత మిగిలిపోయిందని గుర్తొచ్చింది. సైకిలేసుకుని వాళ్లింటికెళ్లి, బండి కింద దూరి సరిచేస్తుంటే దొంగనుకుని కుక్కని వదిలారు. "కుక్క కరిచింది, గీత పోయింది" అని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాడు. "కరిచింది నీ తెలివినేమో, మళ్లీ కనపడలేదు" అంటుంది భార్య.

అలాంటి మనిషిని గరుకుగా వదిలెయ్యమంటే ఎలా? శుక్రవారం సాయంత్రం మేనకోడలు అటు వెళ్లగానే ఇటు మైనం పాలిష్ డబ్బా మూత తీశాడు. ఎవరికి తెలుస్తుందిలే అనుకుంటూ పైనుంచి కిందిదాకా రెండు విడతలు పట్టించి రుద్దాడు. మీసం కనిపించింది. ప్రాణం కుదుటపడింది.

శనివారం పన్నెండు మంది పిల్లలు షెడ్డులోకి దిగారు. ఇంటింటా అడిగి తెచ్చిన పగిలిన పింగాణీ, గుండీలు, తాళంచెవులు, చెంచాలు, సీసా మూతలు బకెట్ల నిండా ఉన్నాయి. ఒక పిల్లాడి బామ్మ కప్పు ముక్కలు పంపుతూ, "ఇవి మీ తాత కోపానికి గుర్తులు, కాస్త మంచి చోట అంటించండి" అందట.

"ఇదేంటి మామయ్యా, ఇంత నిగనిగలాడుతోంది?"

"కడిగాను. కడిగితే మెరవదా?"

జిగురు కలిపే పని కళ్లద్దాల అమ్మాయిది. రెండు డబ్బాల్లోంచి సమంగా తీసి, గడియారం చూసుకుంటూ కలుపుతుంది. తోటివాళ్లు ఆమెకి బంక అని పేరు పెట్టారు. సాయంత్రానికి బానెట్ నుంచి డిక్కీ దాకా నీలం పింగాణీ నది పారింది. చెంచాలు అందులో చేపలయ్యాయి.

ఆదివారం పొద్దున షెడ్డు తలుపు తీస్తే నది నేల మీద ఉంది. చేపలు చక్రాల కింద ఉన్నాయి.

"బంకా, అంతా నీ వల్లే! సరిగ్గా కలపలేదు."

"సగం సగమే కలిపాను. కావాలంటే డబ్బాలు చూసుకోండి."

"డబ్బాలెందుకు, కింద కనిపిస్తూనే ఉందిగా! ఇవాళ నువ్వు జిగురు ముట్టుకోకు."

టీచరు డబ్బా వెనక అచ్చేసిన సూచనలు మళ్లీ చదువుతోంది. అమ్మాయి కళ్లద్దాలు తీసి చున్నీ అంచుతో తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది.

పెయింటర్ ఒక పింగాణీ ముక్క తీసి తిప్పి చూశాడు. జిగురు రాయిలా గట్టిపడింది. బండికి ఆనిన వైపు మాత్రం నున్నగా, జిడ్డుగా ఉంది. ఇంకెవరూ ముక్కలు తిప్పి చూడలేదు. నోరు మూసుకుంటే తన పరువు దక్కుతుంది. కానీ ఎన్నిసార్లు అంటించినా రాలుతూనే ఉంటుంది, రాలినప్పుడల్లా ఆ పిల్ల తిట్లు తింటుంది. గొంతు సవరించుకున్నాడు.

"జిగురు భేషుగ్గా కలిసింది. తప్పు నాది. బండికి మైనం పట్టించాను."

టీచరు డబ్బా దించి ఆయన వైపు తిరిగింది.

"కడిగానన్నావు కదా మామయ్యా!"

"కడిగాకే పట్టించానే."

గోడ అవతల పంక్చర్ల అతను పగలబడి నవ్వాడు. ఆ నవ్వు పిల్లలకీ అంటుకుంది. టీచరు కోప్పడబోయి, కుదరక, డబ్బా మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్వనిది కళ్లద్దాల అమ్మాయి ఒక్కతే.

"మరి ఇప్పుడెలా తాతగారూ? రేపే సోమవారం."

ఆయన అటక మీంచి మైనం కరిగించే థిన్నర్ సీసా, పాత గుడ్డలు, గరుకు కాగితాల కట్ట దించి నేల మీద పెట్టాడు.

"ముందు మైనం నేను తుడిచేస్తాను. వరస తప్పి గీకితే అది ఇంకా లోపలికి పోతుంది. తర్వాత తలా ఒక కాగితం తీసుకోండి, ఎక్కడా నున్నదనం మిగలకూడదు. ఈ అమ్మాయికి మాత్రం ఇవ్వకండి, చేతులకి దుమ్మంటకూడదు. మధ్యాహ్నం జిగురు కలిపేది తనే."