తాడు రెండో కొస

మైదానంలో సున్నంతో గీతలు గీసే ఆయనను అందరూ సున్నం మావయ్య అనేవారు. ఆయనకు ముక్కు మీదే కోపం.

ఇరుగుపొరుగు దేశాల ఆటల పోటీలు మొట్టమొదట జరిగింది ఆ మైదానంలోనే. గీత వంకరపోయిందని రేపెవరూ పేచీ పెట్టకుండా, తాడు రెండో కొస పట్టుకోవడానికి పక్క దేశం తన మనిషినొకణ్ణి పంపింది. ఒకరి భాష ఒకరికి రాదు. మావయ్య తాడును రెండుసార్లు లాగితే "బిగువుగా ఉందా?" అని. అవతలి నుంచి రెండుసార్లు లాగితే "ఉంది, కానియ్" అని. పది రోజులూ అలాగే మాట్లాడుకున్నారు.

తర్వాత రెండు దేశాలకూ చెడింది. ఆ దేశం పోటీలకు రావడం మానేసింది. మావయ్య రెండో కొసను మేకుకు కట్టి గీతలు గీసేవాడు. అలవాటు కొద్దీ రెండుసార్లు లాగి, "ఉలకదు, పలకదు, మొద్దు మేకు!" అని తిట్టిపోసేవాడు.

ఇరవై ఏళ్లకు పోటీలు మళ్లీ ఇక్కడికొచ్చాయి. ఆ దేశమూ వస్తోందని వినగానే మావయ్య తాడు ఉతికి ఆరేశాడు.

"ఇంకా ఆ తాడెందుకయ్యా? మైదానమంతా రబ్బరు పరిచి, గీతలు కూడా వేసేశారుగా!" అంది భార్య.

"నీకేం తెలుసు? అతనొస్తాడు."

మావయ్య తాడు భుజాన వేసుకుని నిలబడ్డ మైదానం గేటు దగ్గర ఆ దేశం బస్సు ఆగింది. ఆటగాళ్లు దిగారు, కోచ్‌లు దిగారు, డాక్టరు దిగాడు, ఆఖరికి వంటవాడు కూడా దిగాడు. బస్సు తలుపు మూసుకుంది. గీతలు ముందే వేసేసిన మైదానానికి తాడు పట్టుకునేవాణ్ణి ఎవరూ వెంటబెట్టుకురారని మావయ్యకు అప్పుడు తట్టింది.

గేటు ఊచకు ఒక కొస కట్టి, నాలుగడుగులు వెనక్కి నడిచి, రెండుసార్లు లాగాడు. కాసేపు చూశాడు. ఈసారి తిట్టలేదు.