బళ్ల వేళల కింద ఒక వరస

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిన నాలుగో ఏట మా సంస్థ నన్ను రాయ్‌పూర్ నుంచి భిలాయ్‌కి, తన వార్తల వెబ్‌సైటుకి ప్రకటనల అధికారిగా పంపింది. అంతకుముందు పదిహేనేళ్లు పత్రికా ప్రకటనలు చూసినదాన్ని. వైశాలి నగర్‌లో మేడ మీద రెండు గదుల ఆఫీసు. సైటులో స్థానిక వార్తలు, పరీక్షా ఫలితాలు, దుర్గ్ నుంచి బయల్దేరే బళ్ల వేళలు ఉండేవి. ఇంట్లో కంప్యూటరున్నవాళ్లు తక్కువ. ప్లైవుడ్ గదుల నెట్ కేఫ్‌లలో, మోడెం కూతలు పెట్టి లైను కలిసేదాకా జనం ఓపిగ్గా కూర్చునేవారు. ఆ ఓపికంటే నాకిప్పటికీ ముచ్చట.

మా ఆదాయమంతా పాపప్‌ల మీదే. పాపప్ అంటే పేజీ తెరవగానే, అడక్కుండా దాని మీదకొచ్చి నిలబడే చిన్న కిటికీ. కోచింగ్ సెంటర్లవే ఎక్కువ. పేజీ తెరుచుకుంటే చాలు, ప్రకటన కనిపించినట్టే సర్వరు రాసుకునేది. రక్తం కావాలనే విన్నపాలు ఉచితంగా వేసేవాళ్లం. అందరి కంటా పడతాయని వాటినీ పాపప్‌లోనే పెట్టించాను. ఆ నిర్ణయం నాదే.

ఒక మంగళవారం ఉదయం భిలాయ్ ఉక్కు ప్లాంటులో క్రేన్ ఆపరేటరు గోవిందరావు మా మెట్లెక్కి వచ్చాడు. శ్రీకాకుళం మనిషి. భార్యకి గురువారం ఆపరేషను. ఓ నెగెటివ్ రక్తం రెండు యూనిట్లు కావాలి. ఆస్పత్రిలో నిల్వ లేదు. చీటీ నా బల్ల మీద పెట్టి, "ఇందులో ఏస్తే జనం సూస్తారేటమ్మా?" అనడిగాడు. తప్పకుండా చూస్తారన్నాను.

సాయంత్రానికి ఒక్క ఫోనూ రాలేదు. సర్వరు రిపోర్టులో మాత్రం వేలసార్లు కనిపించినట్టుంది.

బుధవారం పొద్దున్నే రిసాలిలో నెట్ కేఫ్ నడిపే అప్పలనాయుడుగారి దగ్గరికి వెళ్లాను. ప్లాంటులో ఫోర్‌మన్‌గా రిటైరైన మనిషి. సంగతి చెప్పగానే ఆయన మొహం వాడిపోయింది. పాపప్‌లని ఆపేసే బ్లాకరు ప్రోగ్రాము నెల కిందటే అన్ని మిషన్లలోనూ ఎక్కించారట.

"పిల్లలు రిజల్టు సూసుకోబోతే మీ కోచింగోళ్లు మీద పడిపోతన్నారు. నానేటి సెయ్యాల చెల్లెమ్మా? రక్తం సంగతీ అందులోనే పెడతారని నాకేటి తెల్సు?" అన్నారు.

ఒక మిషను మీద బ్లాకరు తీసేసి, పక్కన నిలబడ్డాం. కాలేజీ అమ్మాయి ఒకతె వచ్చి సైటు తెరిచింది. ఎర్ర అక్షరాలతో మా విన్నపం పైకొచ్చింది. చదవకుండానే మూసేసింది. అదేమిటని అడిగితే, "యాడ్ హై, దీదీ" అంది, ప్రకటనే కదక్కా అన్నట్టు.

గోవిందరావుకి నేనిచ్చిన మాట గుర్తొచ్చింది.

కాసేపు అక్కడే ఉండి, వచ్చినవాళ్లు ఏం చూస్తున్నారో గమనించాను. చాలామంది బళ్ల వేళల దగ్గర ఆగుతున్నారు. అక్కణ్ణుంచే ఆఫీసుకి ఫోన్ చేసి, విశాఖ వైపు బళ్ల వేళల కింద, రంగూ గడీ లేకుండా మామూలు నల్ల అక్షరాల్లో ఒకే వరసగా ఆ విన్నపం వేయించాను. మధ్యాహ్నం దాటాక మొదటి ఫోను వచ్చింది. సెలవు మీద ఊరెళ్లడానికి బండి చూసుకుంటున్న గుమాస్తా. ప్రయాణం మానుకుని ఆస్పత్రికి వెళ్లాడు. గంట తర్వాత రెండో ఫోను. గురువారం ఆపరేషను జరిగింది. గోవిందరావు భార్య బతికింది.

మా యజమాని చాలా సంతోషించారు. ఆ వరస అంత బాగా పనిచేస్తే కోచింగ్ ప్రకటన కూడా అక్కడే, ప్రకటన అని తెలియకుండా వేద్దామన్నారు. అలా చేస్తే జనం అక్కడా చూడ్డం మానేస్తారన్నాను. రాసివ్వమన్నారు. ఆన్‌లైన్ ప్రకటనల భవిష్యత్తు గురించి నేను రాసిన కాగితం అదొక్కటే. అయిష్టంగానే ఒప్పుకున్నారు. నేనున్న మూడేళ్లూ ఆ వరసలో రక్తం విన్నపాలే వచ్చాయి.

నాకు బదిలీ అయ్యాక ఆ వరసలోనూ ప్రకటనలు మొదలయ్యాయి. కొన్ని నెలలకి అప్పలనాయుడుగారు ఫోన్ చేసి, "ఇప్పుడు ఆ వరస ఎవులూ సూడ్డం నేదు చెల్లెమ్మా" అన్నారు.

జనం ప్రకటనల్ని తప్పించుకుంటున్నారని మా వృత్తిలో అందరం విసుక్కునేవాళ్లం. తప్పించుకోవడం వాళ్లకి నేర్పింది మేమే. వాళ్లు నమ్మి చూసే చోటుని అమ్ముకోవచ్చు. కాని ఒక్కసారే.