ప్లాంట్ ఫోనులో హేగ్ ఇంటర్వ్యూ

తొమ్మిదో క్లాసు నేను రెండేళ్లు చదివాను. మూడో ఏడు మాస్టారు మా నాన్నని పిలిపించి, "వీడి కన్నా వీడు కూర్చున్న బెంచీ ఎక్కువ నేర్చుకుంది. కావాలంటే దాన్ని పైక్లాసుకి పంపుతాను" అన్నారు. అక్కడితో నా చదువు అయిపోయింది. ఇలాంటి బుర్రని భయపెట్టి ఏ దెయ్యమైనా ఏం బాగుపడుతుంది? అందుకే దెయ్యాల కబుర్లు ఎవరు చెప్పినా నవ్వేవాణ్ణి. ఇప్పటికీ నవ్వుతాను. ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చిన కొత్త. భిలాయి క్యాంప్ 2లో నాకో ఎస్టీడీ బూత్ ఉండేది. ఒక అద్దాల క్యాబిన్, ఒక ఫోను, ఆ ఫోను తీగే పీకి తగిలిస్తే ఇంటర్నెట్ వచ్చే కంప్యూటరొకటి. మా అక్కా బావా సెక్టర్ 7 క్వార్టర్లో ఉండేవారు. బావది ఉక్కు ప్లాంట్‌లో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్ దగ్గర పని. వాళ్ల ఒక్కగానొక్క కూతురు గ్రేసు రాయపూర్‌లో లా ఆఖరి సంవత్సరం చదివేది.

ఆ పిల్ల చదువు నాకు అర్థమైనంత వరకూ ఇది. యుద్ధాల్లో జనాన్ని ఊచకోత కోయించినవాళ్లు సైన్యాధికారులైనా, దేశాన్నేలినవాళ్లైనా సరే, వాళ్లని బోనెక్కించే కోర్టులు నెదర్లాండ్స్‌లో హేగ్ అనే ఊళ్లో ఉన్నాయి. లా చదివే పిల్లల్ని అక్కడికి మూడు నెలలు రప్పించుకుని పని నేర్పుతారు. సాక్షులు చెప్పిందంతా చదివి, లాయర్లకి కాగితాలు సిద్ధం చేసివ్వాలి. గ్రేసుకి రెండేళ్లుగా అదే ధ్యాస. ఎంపికైతే విమానం టికెట్టు కాలేజీయే పెడతానంది. ఈసారి తప్పితే ఇంక స్టూడెంటు కాదు, ఇంక అవకాశం లేదు.

దరఖాస్తు నా కంప్యూటర్లోనే నింపాం. ఇంగ్లీషు వ్యాసాలన్నీ తనే రాసుకుంది. అడ్రసూ ఫోనూ నన్ను కొట్టి పంపేయమని చెప్పి, బూత్ నంబరే ఇమ్మని రెండుసార్లు గుర్తుచేసి, పరీక్షకి పరిగెత్తింది.

ప్లాంటోళ్ల పిల్లలకి ఒక అలవాటుంటుంది. బడి ఫారమైనా, ఆసుపత్రి చీటీ అయినా, స్ట్రీటు నంబరు, క్వార్టర్ నంబరు, దాని వెంటే నాలుగంకెల ప్లాంట్ ఫోను, అంతా ఒక్క ఊపులో రాసేస్తాం. నాన్న బతికున్నన్నాళ్లూ నేనూ క్వార్టర్లోనే పెరిగినవాణ్ణి. సెక్టర్ 7 అడ్రసు కొట్టిన చెయ్యి ఆగకుండా బావ ఇంటి ప్లాంట్ నంబరు కొట్టేసింది. ముందర దేశం కోడూ ఊరి కోడూ కూడా పద్ధతిగా తగిలించాను. ఆ ఫోనేమో డ్యూటీకి పిలవడానికి డిపార్ట్‌మెంట్ పెట్టింది. టౌన్‌షిప్ లోపల్లోపలే పలుకుతుంది. హేగ్ దాకా ఎందుకు, నా బూత్ నుంచే దానికి కాల్ కలవదు. ఊరందరికీ ఫోన్లు కలిపి బతికేవాణ్ణి, నా ఇంటి పిల్లకి మాత్రం ఇలా కలిపాను.

మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి ఫోన్లో ఇంటర్వ్యూ అని మెయిల్ వచ్చింది. ఆ రోజు ఒంటిగంటకే గ్రేసు ఇస్త్రీ చుడీదార్ వేసుకుని క్యాబిన్‌లో కూర్చుంది. ఫోన్లో ఇస్త్రీ కనబడదే అంటే నాకేసి చూడను కూడా లేదు. లైను ఖాళీగా ఉండాలని ఇంటర్నెట్ ఆపేశాను. చప్పుడు అడ్డమొస్తుందని ఏప్రిల్ ఎండలో ఫ్యాను కూడా ఆపేశాం.

రెండున్నరైంది. మూడైంది. మూడుంబావు. ఫోను మోగలేదు. గ్రేసు క్యాబిన్‌లోంచి అడుగు బయట పెట్టలేదు. ఆ రెండు గంటలూ నా కళ్లముందే ఉంది. దీనికి నేను ఎక్కడైనా ప్రమాణం చేస్తాను.

అప్పుడు ఫారం ప్రింటు తీసి చూశాను. బూత్ నంబరు ఉండాల్సిన చోట ప్లాంట్ నంబరు ఉంది. దాని మీద వేలుపెట్టి గ్రేసుకి చూపించాను.

"ఇది మా ఇంటి నంబరు కదా మావయ్యా" అంది. అంతే, తిట్టలేదు. తిడితే బాగుండునని నాకు అనిపించింది.

క్షమించమని మెయిల్ పెడదామని తీగ మార్చి ఇంటర్నెట్ కలిపాను. అప్పటికే వాళ్ల మెయిల్ వచ్చి ఉంది. మూడుంబావుకి పంపినట్టుంది. గ్రేసు చదివింది. మళ్లీ చదివింది. మూడోసారి నాకు తెలుగులో చెప్పింది.

ఇందాక మాతో ఓపిగ్గా మాట్లాడినందుకు సంతోషం. ఇన్ని ఘోరాలు రోజూ చదువుతూ ఎలా తట్టుకుంటావని అడిగితే, మీ నాన్న గురించి చెప్పిన జవాబు మా ముగ్గురికీ గుర్తుండిపోతుంది. డ్యూటీ నుంచి వచ్చి ఆయన గుమ్మం మెట్టు మీద కూర్చుని, బూట్లు విప్పి, ఐదు నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా ఆ వేడంతా అక్కడే దించేసి, అప్పుడు ఇంట్లోకి వస్తారన్న మాట.

బావ చేసేది సరిగ్గా అదే. నాకు తెలుసు, అక్కకి తెలుసు. గ్రేసు ఏ వ్యాసంలోనూ అది రాయలేదు. "ఎవరికీ చెప్పలేదు మావయ్యా. కానీ అడిగుంటే నేను చెప్పేది ఇదే" అంది.

స్కూటర్ మీద సెక్టర్ 7కి వెళ్లాం. బావ రెండు గంటల షిఫ్టుకి వెళ్లిపోయాడు. అక్క ఈ ఇంటర్వ్యూ కోసమే ప్రార్థన పెట్టించడానికి చర్చికి వెళ్లింది. తలుపుకి బయట తాళం వేసుంది. పక్క క్వార్టర్ మిశ్రా ఆంటీ గోడ మీద అప్పడాలు ఎండబెడుతూ గ్రేసుని చూసి, "అరే బిటియా, లోపలే ఉన్నావుగా, ఎప్పుడు బయటికెళ్లావ్?" అని హిందీలో అడిగింది. రెండున్నరకి ఫోను మోగిందట. కిటికీలోంచి అరగంట సేపు గ్రేసు గొంతు ఇంగ్లీషులో వినబడిందట.

ఆంటీకి మా ఫారం సంగతీ తెలీదు, మెయిల్ సంగతీ తెలీదు.

తర్వాత నా బూత్ నుంచి ఆ నంబరుకి పదిసార్లు చేశాను. ఒక్కసారీ కలవలేదు. ప్లాంట్ టెలిఫోన్ల దగ్గర పనిచేసే ఒక భయ్యాని అడిగితే, బయటి కాల్ దానిలోకి రానే రాదు, ఎండలో తిరక్కు అన్నాడు.

దేవదూత వచ్చి మాట్లాడిందని అక్క తేల్చేసింది. ఊరుకోవే, వచ్చింది పుచ్చుకో అని గ్రేసుతో అన్నాన్నేను. బావ మాత్రం ఆ మెట్టు మాట విన్నాక లోపలికెళ్లి ముఖం కడుక్కుని వచ్చాడు.

గ్రేసు ఒప్పుకోలేదు. "రేపు అక్కడ సాక్షి నిజం చెప్పాడో లేదో చూడ్డమే నా పని. నేను మాట్లాడని ఇంటర్వ్యూతో వెళ్లి ఆ కుర్చీలో ఎలా కూర్చోను?" అంది. ఆ కాల్ నాకు రాలేదు, మాట్లాడింది నేను కాదు అని రాసి పంపింది. రెండ్రోజులు జవాబు లేదు. ఆ రెండ్రోజులూ నేను బూత్‌లో ఒక్క జోకూ వెయ్యలేదు. కస్టమర్లు నాకు జ్వరమనుకున్నారు.

మూడోరోజు, ఏదో గందరగోళం జరిగినట్టుంది, మళ్లీ మాట్లాడదాం అని రాశారు. ఈసారి బూత్ నంబరు గ్రేసే పంపింది. ఫోను మోగింది. అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను, ఇరవై నిమిషాలు మాట్లాడింది. బయటికొచ్చి చెప్పింది: వాళ్లలో పెద్దావిడ, "అదే గొంతు, సందేహం లేదు. కాకపోతే మంగళవారం నువ్వు ఇంకొంచెం నిబ్బరంగా ఉన్నావు" అందట.

వారం తిరిగేసరికి ఎంపికైనట్టు ఉత్తరం వచ్చింది. క్యాంప్ 2లో మా వీధి వీధంతా జిలేబీ పంచాను. బావ ఆ సాయంత్రం మెట్టు మీద ఐదు నిమిషాలు కూర్చోలేదు. బూట్లతోనే లోపలికి వచ్చేశాడు.

ఇన్నేళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నాను. లైన్లు కలిసిపోయాయంటే, మాట్లాడిందెవరు? ఎవరో తమాషా చేశారంటే, ఆ గొంతెక్కడిది, ఆ మెట్టు సంగతెలా తెలుసు? తాళంచెవి అక్క పర్సులో ఉంది. నాకు తెలీదు. చదువుకున్నవాళ్లని అడిగాను, వాళ్లకీ తెలీదు.

దుర్గ్ స్టేషన్లో గ్రేసుని రైలెక్కించడానికి వెళ్లినప్పుడు నా నోరు ఊరుకోలేదు. "ఆ రెండోదే నీకన్నా నిబ్బరంగా మాట్లాడిందట కదే. దాన్ని హేగ్ పంపి నువ్వుండిపోరాదేటి?" అన్నాను.

గ్రేసు పెట్టె సర్దుకుంటూ, "లేదు మావయ్యా, దాన్ని ఇక్కడే వదిలెళ్తున్నాను. నువ్వు ఇంకా ఎంతమంది ఫారాలు నింపాలో" అంది.