మంత్రిగారి దగ్గు

పారిస్‌లో సర్కారు పడిపోయిందన్న కబురు మా మోంబ్రియాక్‌లో మొట్టమొదట తెలిసేది స్టేషన్ మాస్టరు ఫిర్మేన్‌కి, తంతి యంత్రం ఆయన బల్ల మీదే ఉండేది గనక. తరవాత మేయరుగారి వంటమనిషి ఓర్తాన్స్‌కి. ఆ తరవాత తెల్ల చిక్కుడు గింజలకి. కబురు చెవిన పడగానే ఆవిడ కుండెడు గింజలు నీళ్ళలో పోసేది. మర్నాడు మధ్యాహ్నం బండికి ఆన్సెల్మ్ పేర్లాద్ గారు మాజీ మంత్రిగా దిగుతారు. దిగీ దిగగానే అడిగేది బాతుమాంసంతో ఉడికిన ఆ గింజలనే.

పేర్లాద్ గారు మా ఊరికి మేయరు, మా ప్రాంతానికి చట్టసభ సభ్యుడు, వీలు చిక్కినప్పుడల్లా మంత్రి. వ్యవసాయం చూశారు, తపాలా చూశారు, ఒకసారి నౌకాదళం కూడా చూశారు, పడవెక్కితే కడుపులో తిప్పే మనిషి అయ్యుండీ. ఆ రోజుల్లో మా సర్కార్ల ఆయుష్షు ముల్లంగి పంటకంటే తక్కువ. పదవి ఊడినప్పుడల్లా ఇంటికొచ్చి ఒక పుస్తకం రాసేవారు. మా నది మీద ఒకటి, ఆల్బుఖరా తోటల మీద ఒకటి, చివరికి ఒక నవల కూడా. ఆ నవల మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉంది, చివరిదాకా చదివినవాళ్ళు మాత్రం ఇంతవరకు కనపడలేదు.

"పదవొస్తే ఆయన చిక్కిపోతారు, పదవి పోతే పుస్తకం లావెక్కుతుంది" అనేది ఓర్తాన్స్.

ఆవిడ సంగతీ చెప్పాలి. ఏప్రిల్ నెలలో అనాథాశ్రమం గుమ్మంలో దొరికిన పిల్ల. అందుకని సన్యాసినులు అవ్రీల్ అని నెల పేరే ఇంటిపేరుగా పెట్టారు. పదహారో ఏట పేర్లాద్ గారి వంటింట్లోకి వచ్చింది. అమ్మగారు పోయాక ఇల్లంతా తన చేతిమీదే నడిపింది. మనిషి గట్టిది, నోరు ఇంకా గట్టిది. బజారులో చేపలమ్మే గాస్తూన్‌లాంటి గయ్యాళి కూడా ఆవిడతో బేరమాడేటప్పుడు ఒక మెట్టు దిగేది.

భార్య పోయిన ఫిర్మేన్, రైళ్ళ కబుర్లు చెప్పే నెపంతో ఆ వంటింట్లో ఎన్నో ఏళ్ళు సూపు తాగాడు. తాగిన ప్రతిసారీ పెళ్ళి మాట ఎత్తాడు. జుట్టు నెరిసే వయసులో ఓ రోజు ఆవిడ గరిటె కింద పెట్టి సరే అంది.

"కాని ఒక్క మాట. మన పెళ్ళి కాగితాలు అయ్యగారే చదవాలి."

ఎందుకో ఫిర్మేన్‌కి వేరే చెప్పక్కర్లేదు. మా దేశంలో పెళ్ళంటే ముందు మేయరు కచేరీలో జరగాలి, తలుపులు బార్లా తెరిచి. వధూవరుల పుట్టుక కాగితాలు ఊరంతా వినేలా చదవాలి. ఓర్తాన్స్ కాగితంలో ఒక వాక్యం ఉంది: "తండ్రి తెలియడు, తల్లి తెలియదు." మేయరు ఊళ్ళో లేకపోతే అది చదవాల్సినవాడు ఉపమేయరు బూస్కే. ఆయన మందుల కొట్టు మనిషి. మంచివాడే, కాని నోట్లో నువ్వుగింజ నానదు. కొట్టు నిండా జనం ఉన్నప్పుడు, "ఇదిగోనమ్మా, మీ ఆయన మొలలకి మందు" అని వీధి చివరిదాకా వినపడేట్టు అరిచి ఇస్తాడు. ఆ గొంతుతో ఆ వాక్యం వినడం ఓర్తాన్స్‌కి చచ్చినంత పని.

"నాకేం సిగ్గు లేదు" అంది ఫిర్మేన్‌తో. "ఊరందరికీ తెలిసిందే. తెలియడం వేరు, నా పెళ్ళిరోజున డప్పు కొట్టించుకోవడం వేరు."

పేర్లాద్ గారు సంతోషంగా ఒప్పుకున్నారు. తారీకు పెట్టుకున్నారు. ఆ వారంలోనే పారిస్ నించి పిలుపొచ్చింది, ఆయన మళ్ళీ మంత్రి అయ్యారు. పెళ్ళి ఆగింది. శీతాకాలంలో ఆ సర్కారు పడింది, చిక్కుళ్ళు నానాయి, మళ్ళీ తారీకు పెట్టారు. కచేరీ తలుపుకి పెళ్ళి ప్రకటన అంటించారు. దాని జిగురు ఆరకముందే మళ్ళీ పిలుపు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, వాళ్ళిద్దరూ ఒప్పుకున్నా చట్టసభ ఒప్పుకునేట్టు లేదు.

ఊళ్ళో దీన్ని గురించి చెప్పుకోని నోరు లేదు.

"ఏమే ఓర్తాన్స్, ఇంకా పడలేదా మీ సర్కారు?" అని గాస్తూన్ బజారు ఆ చివర్నించి కేకేసేది. "నేను మొన్న పెద్ద కొవ్వొత్తి వెలిగించానే, ఎలాగైనా పడగొట్టమని."

"నీ చేపల కంపుకే పడాలి, ఇటు గాలి వీస్తే" అనేది ఓర్తాన్స్.

పాపం ఫిర్మేన్ సంగతి ఇంకా ఇరకాటం. ప్రతి ఎన్నికలోనూ పేర్లాద్ గారికే ఓటేశాడు. ఇప్పుడు ఆయన పదవి పోవాలని ఆదివారం గుళ్ళో మోకాళ్ళ మీద కూర్చుని దండం పెట్టుకుంటున్నాడు.

ఈస్టర్ పండగ వెళ్ళింది. ఏప్రిల్ నెలాఖరు శనివారానికి మూడోసారి తారీకు పెట్టారు. ఆ శనివారమే పారిస్‌లో చక్కెర పన్ను మీద ఓటింగు అని తెలిసింది. సర్కారు బతుకు దాని మీదే ఉంది, మంత్రులెవరూ కదలడానికి లేదు. ఫిర్మేన్ టోపీ చేతిలో పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"ఇంకో నెల ఆగుదామా?"

"ఆగను. ఆ పారిస్ వాళ్ళు పడేదెప్పుడు, మనం లేచేదెప్పుడు? బూస్కేనే చదవనీండి."

"పోనీ, ఆ వాక్యం రాగానే నేను కుర్చీ కింద పడేస్తాను. చప్పుడుకి ఎవరికీ వినపడదు."

ఓర్తాన్స్‌కి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇంత మంచివాణ్ణి ఇన్నేళ్ళు సూపుతో సరిపెట్టానే అనుకుంది. శుక్రవారం సాయంత్రం పెద్ద కుండ తీసి చిక్కుడు గింజలు నానబోసింది. ఫిర్మేన్ తెల్లబోయాడు.

"సర్కారు పడినట్టు కబురేం రాలేదే?"

"రాకపోతే మానె. పెళ్ళికొచ్చిన వాళ్ళు తినరా ఏం?"

శనివారం కచేరీ కిక్కిరిసిపోయింది. బూస్కే నడుముకి మేయరు మూడు రంగుల పట్టీ కట్టుకుని, గొంతు సవరించుకుంటూ నిలబడ్డాడు. ఆయన సవరించుకున్న ప్రతిసారీ ఓర్తాన్స్ గుండె ఒక దెబ్బ ఎక్కువ కొట్టుకుంది. ఫిర్మేన్ తన కుర్చీ అంచు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

అప్పుడే గుమ్మం దగ్గర జనం పక్కకి జరిగారు. పేర్లాద్ గారు. చేతిలో సంచీ, టోపీ మీద రైలు మసి, ఉబ్బసం వచ్చినవాడిలా రొప్పుతున్నారు.

"బూస్కే గారూ, ఆ పట్టీ ఇలా ఇవ్వండి."

ఓర్తాన్స్ పెళ్ళికూతురన్న సంగతి మరిచిపోయి అడిగింది. "పడిపోయిందా, అయ్యగారూ?"

"నేను బండెక్కేటప్పటికి నిలబడే ఉంది."

"మరి మీ ఓటు?"

"నా ఒక్క ఓటు మీద నిలబడే సర్కారైతే, అది పడుకోవడమే దానికి ఆరోగ్యం" అని పట్టీ బిగించుకున్నారు.

ముందు వరుడి కాగితం చదివారు. సాక్షాత్తూ చట్టసభ నోరు మూయించిన గొంతు అది, బయట గుర్రాలు కూడా చెవులు నిక్కించాయి. తరవాత వధువు కాగితం తీశారు. "ఓర్తాన్స్ అవ్రీల్, స్త్రీ, ఏప్రిల్ మాసంలో జన్మించినది..." అక్కడ దగ్గు తెర వచ్చింది. అలాంటిలాంటి దగ్గు కాదు. మొహం కందగడ్డ అయింది. పట్టీ కుచ్చులు ఊగాయి. పెదవులు ఆ దగ్గులోనే కాగితం మీది మాటలు పలుకుతూనే ఉన్నాయి, చట్టానికి లోటు రాకుండా. దగ్గు ఆగేసరికి గొంతు గంటలా మోగింది. "...మోంబ్రియాక్ వాస్తవ్యురాలు."

హాల్లో ఒక్కరూ నవ్వలేదు. ఆయనకి జన్మలో దగ్గు లేదని అందరికీ తెలుసు. గాస్తూన్ ముక్కు చీదుకుని, ఊళ్ళో జలుబులు తిరుగుతున్నాయంది. ఫిర్మేన్ కుర్చీ మీంచి చెయ్యి తీశాడు.

పెళ్ళి విందు పేర్లాద్ గారి పెరట్లోనే. పైన అందరూ ఎగబడే గోధుమరంగు పెచ్చు కట్టిన చిక్కుడుగింజల కుండ బల్ల మధ్యకి వచ్చేసరికి తంతి కూడా వచ్చింది. సర్కారు రెండే రెండు ఓట్ల తేడాతో పడిపోయింది. చక్కెర పన్నుకి నిరసనగా పేర్లాద్ గారు సభకి రాలేదని తరవాత పత్రికలు రాశాయి, సిద్ధాంతాలున్న మనిషని మెచ్చుకున్నాయి. ఆయన కాదనలేదు. ఆ పతనం మీద రాసిన లావుపాటి పుస్తకంలో మాత్రం, ఆ రోజు రాజ్యకార్యం మీద మోంబ్రియాక్‌లో ఉన్నానని రాసుకున్నారు.

ఆ పూట బల్ల దగ్గర తంతి చదివి జేబులో పెట్టుకుని, ఓర్తాన్స్ వైపు తిరిగి, "గింజలు నిన్ననే నానబోశావటగా" అన్నారు. "సర్కారు పడుతుందని నీకెలా తెలిసింది?"

"సర్కారు సంగతి నాకేం తెలుసు. మీ సంగతి తెలుసు."

ఇంతలో బూస్కే పరుగున కొట్టుకెళ్ళి సీసా ఒకటి పట్టుకొచ్చాడు. పాపం, ఊరు మొత్తం మీద ఆ దగ్గుని నమ్మినవాడు ఆయన ఒక్కడే.

"మంత్రిగారూ, ఆ దగ్గు మంచిది కాదు. ఈ మందు చేదే, కాని వెంటనే పడాలి" అన్నాడు, పెరడంతా వినపడేట్టు.

ఓర్తాన్స్ చేతిలో గరిటె ఆగింది. పేర్లాద్ గారు ఒక్కసారి ఆవిడ వంక చూసి, బుద్ధిగా నోరు తెరిచారు. ఆ నల్లటి మందు చెంచాడు మింగారు, మొహం ఇసుమంతైనా చిట్లించలేదు.

"గుణమిచ్చిందా?" అడిగాడు బూస్కే.

"ఇంకో చెంచా పొయ్యండి" అన్నారు పేర్లాద్ గారు. "దగ్గు గట్టిదే."

ఓర్తాన్స్ కళ్ళు తుడుచుకోలేదు, చేతిలో గరిటె ఉంది. కుండ మీది పెచ్చంతా ఒక్క పెట్టున తీసి ఆయన పళ్ళెంలో వేసింది.