రికార్డు పేరు, గుడి పేరు

నాకు ఆరాలు తీసే గుణం చిన్నప్పటి నుంచీ ఉంది. బస్సులో పక్కన కూర్చున్న మనిషి ఏ ఊరు వెళ్తోందో, ఎందుకు వెళ్తోందో తెలుసుకోకుండా దిగలేను. మా అమ్మ దీన్ని రోగం అనేది. తెనాలిలో టీచరుగా పనిచేస్తున్నప్పుడు, తొంభైల మొదట్లో, ఆ రోగమే నన్నొక మంచి పనిలోకి దించింది.

బాపట్లలో ఒక రిటైర్డ్ సుబేదారుగారు ఉండేవారు. ఆయనా, మరికొందరు మాజీ సైనికులూ కలిసి సైనికుల కుటుంబాలకు పెన్షన్ కాగితాలు నింపిపెట్టడం, ఆసుపత్రికి తోడు వెళ్ళడం చేసేవారు. ఇంగ్లీషులో అర్జీలు రాసే మనిషి కావాలంటే నేను కుదిరాను. అర్జీ రాయాలంటే ఎదుటివాళ్ళ కథంతా అడగాలి కదా. నాకంతకంటే ఏం కావాలి?

ఒక ఏడాది వాళ్ళు తెనాలిలో ఒక రాయి నిలబెట్టాలనుకున్నారు. మా ప్రాంతం నుంచి వెళ్ళి యుద్ధాల్లో పోయినవాళ్ళ పేర్లు దాని మీద చెక్కించాలి. సైనిక సంక్షేమ ఆఫీసు నుంచి జాబితా ఇంగ్లీషులో వచ్చింది. ఆ పేర్లు తెలుగులో రాయబోతే అది 'త'నో 'ట'నో, 'ద'నో 'డ'నో తెలిసి చావదు. రాతి మీద పడ్డాక దిద్దలేం. ఇల్లిల్లూ తిరిగి అడిగి తెలుసుకుందాం అన్నాను. చుండూరు, అమృతలూరు, వేమూరు వైపు ఊళ్ళన్నీ అయిపోయాయి. రేపల్లె మిగిలింది.

రేపల్లె బస్టాండులో దిగి, అరటిపళ్ళు అమ్మే ఆవిణ్ణి సుబేదారుగారు "మిలిటరీ వాళ్ళది ఎక్కడమ్మా?" అని అడిగారు. ఆవిడ "భోజనానికేగా బాబుగారూ, ఆ సందు చివర" అంది. వెళ్ళి చూస్తే మిలిటరీ హోటలు! కోడికూర ఘుమఘుమలాడిపోతోంది. ఎలాగూ వచ్చాం కదా అని ఆయన తృప్తిగా తిన్నారు. నేను సోడా తాగుతూ నవ్వు ఆపుకున్నాను.

తర్వాత జాబితాలో ఉన్న పేటకి వెళ్ళాం. పేరు చెబితే ఒక్కళ్ళూ గుర్తుపట్టలేదు.

"ఆ పేరు గలాళ్ళు మా పేటలో లేరండి" అంది బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న ఆవిడ.

ప్రాణం పోగొట్టుకున్న కుర్రాణ్ణి సొంత పేటే మరిచిపోయిందా అని నాకు ఒళ్ళు మండింది. "శ్రీలంక వెళ్ళిన పటాలంలో చనిపోయాడు, ఈ పేటవాడే" అన్నాను కాస్త గట్టిగా.

"ఆ అబ్బాయా? మరి ఆ మాట చెప్పరేంటండి. మీరు రికార్డు పేరు చెబితే ఎవరికి తెలుసుద్ది? గుడి పేరు చెప్పాలి."

"ఏ గుడి?" అన్నాను.

"మా గుడేనండి" అని పేట చివర శిలువ ఉన్న కట్టడం చూపించింది. వాళ్ళకి చర్చి అంటే గుడి, పాస్టరుగారంటే అయ్యగారు. బాప్తిస్మంలో అయ్యగారు పెట్టింది గుడి పేరు. బడిలో వేసేటప్పుడు రాయించింది రికార్డు పేరు. పటాలం అతన్ని రికార్డు పేరుతోనే తీసుకుంది. ఇన్నేళ్ళుగా హాజరు పిలుస్తున్నదాన్ని, ఆ పేర్ల వెనక ఇంకో పేరు ఉంటుందని నాకు తెలియదు. సిగ్గేసింది.

అతని తల్లి కూలికి వెళ్ళి అప్పుడే వచ్చింది. బైబిలు చదవడం కోసం పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్న మనిషి. రాయి సంగతి చెప్పగానే ఆవిడ ముఖం వెలిగింది. గుడి పేరు ఒత్తులతో సహా తనే పలికి నాచేత రాయించింది. రాసిందాన్ని వేలు పెట్టి చదువుకుంది. అంతలోనే ఆగిపోయింది.

"ఆ రాయిని ఆఫీసోళ్ళు చూస్తారాండి?"

"చూస్తారమ్మా."

"అయితే వద్దండి. రికార్డు పేరే వేయండి."

ఎందుకని అడగకుండా ఉండలేకపోయాను. ఆవిడ కూతురు టీచరు ట్రైనింగులో ఉంది. సీటు వచ్చింది ఎస్సీ సర్టిఫికెట్టు మీద. క్రైస్తవులని కాగితం మీద తేలితే ఆ సర్టిఫికెట్టు చెల్లదు. చచ్చిపోయిన కొడుకు పేరు బతికున్న కూతురికి అడ్డం వస్తుందని ఆవిడ భయం. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు.

గుమ్మం దాకా వచ్చి ఆవిడ అంది, "ఆ పేరుతో వాణ్ణి ఒక్కసారీ పిలవలేదమ్మా. రాయి నిలబెట్టే రోజు పేర్లు చదివేదెవరండి?"

"నేనే."

"అయితే మీరు మా పేరుతో పిలవండి. మాట గాల్లో పోద్ది. రాయిలాగా ఉండిపోదుగా."

తిరుగు బస్సులో సుబేదారుగారు ఒప్పుకోలేదు. "రాసిందొకటి, చదివేదొకటీనా? ఏంటి టీచరుగారూ ఇది" అన్నారు. తెనాలిలో దిగి, విసవిసా నడిచి బాపట్ల బస్సెక్కేశారు.

రాయి ఆవిష్కరణ రోజు పొద్దున షామియానా కింద ముందు వరసలో అధికారులు, వెనక కుటుంబాలు. పేటవాళ్ళు ముప్ఫై మంది దాకా వచ్చారు. ఒక్కో పేరూ చదువుతూ అతని దగ్గరికి వచ్చాను. ఎవరైనా పోల్చుకుంటే ఆ పిల్ల చదువేమవుతుంది? తల్లి నన్నే చూస్తోంది. గుడి పేరు పిలిచాను. పేటవాళ్ళందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

ఒక అధికారి జాబితా చూసుకుని, "ఈ పేరు ఇందులో లేదే" అన్నాడు.

"మావాడేనండి" అన్నారు సుబేదారుగారు. చేతులు పక్కలకి బిగించి, తల తిప్పకుండా అన్నారు. ఆ అధికారి జాబితా మడిచాడు.

అంతా అయ్యాక ఎవరి పేరు కింద వాళ్ళు పూలు పెడుతున్నారు. తల్లి బంతిపూలు పట్టుకుని రాయి దగ్గరకొచ్చి, కొడుకు రికార్డు పేరును కూడబలుక్కుంటూ చదివింది. ఆ పేరు కింద ఖాళీగా ఉంది.

"ఈ అబ్బాయికెవరూ రాలేదు పాపం" అని పక్కనున్న అధికారులకి వినపడేలా అని, వంగి, తెచ్చిన పూలు అక్కడ పెట్టింది.