పారబోసిన చేదు నిమ్మ సోడా

వికారాబాద్ గుట్టల దగ్గరి ఒక రిసార్టులో ఆరేళ్లు గిన్నెలు తోమాను. నలభై ఏడేళ్ల వయసులో మా పూడూరులో సాయంత్రం బడికి పోయి తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు తాండూరులో ఉండే నా బిడ్డ నేర్పింది. ఆ సంగతి తెలిసి మేనేజరు నాకు కూల్‌డ్రింకుల గది తాళం ఇచ్చాడు. ఇక చేతులు నీళ్లలో నానవని ఎంత సంబరపడ్డానో.

రెండో వారంలో ఒక కొత్త రకం పెట్టె దిగింది. చిన్న గాజు సీసాలు, వాటి మీద నిమ్మకాయ బొమ్మ. తేదీ చదివాను. ఇంకా చాలా గడువుంది. కానీ లోపలి నీళ్లు తేటగా లేవు, అడుగున తెల్లగా ఏదో పేరుకుంది. బారులో మందు కలిపే అతన్ని అడిగాను.

"ఇదేంది తమ్మీ, గిట్లున్నది?"

"నిమ్మకాయ సోడా అత్తా. గిరాకి ఉన్నది, జర ఆగు, వస్త."

ఆగాను. రాలేదు. ఒక సీసా మూత తీసి చుక్క నాలుక మీద వేసుకున్నాను. ఒట్టి చేదు. ఇంట్లో నిమ్మరసం పిండి పొద్దుగూకేదాకా ఉంచితే చేదెక్కుతుంది, పారబోస్తాం. వచ్చినవాళ్లకు కడుపునొప్పి వస్తుందేమోనని పెట్టెడు సీసాలూ ఒక్కొక్కటే తూములో ఒంపేశాను.

"ఎవలు పారబోయమన్నరు?" అన్నాడు మేనేజరు.

"చెడిపోయినయ్ సార్. చేదెక్కినయ్."

మందు కలిపే అతను పగలబడి నవ్వాడు. "అది చేదుగనే ఉంటది అత్తా. మందుల కలుపుకుంటరు. ఆ చేదుకే మస్తు గిరాకి."

"చేదే కావాల్నంటే కాకరకాయ రసం పోయకపోయినవా? నేనడిగినప్పుడే గీ ముక్క చెప్తే నీ నోరు అరిగిపోతుండెనా?"

"నువ్వు తాగి చూస్తవని నాకేమెరుక?"

"సదువొచ్చిందని తాళమిస్తే గిట్ల జేస్తివి," అన్నాడు మేనేజరు. "మళ్ల గిన్నెల కాడికి పో."

నేను తేదీ సరిగ్గానే చదివాను. ఆ సీసాలోని రుచి మా ఇళ్లలో ఎవరూ ఎరగరు. తాళం ఇచ్చేముందు ఒక్క చుక్క రుచి చూపించి ఉంటే సరిపోయేది. ఆ మాట మేనేజరుతో అన్నాను కూడా. అతను తాళంచెవి కోసం చేయి చాపాడు.

తాళం తిరిగి ఇమ్మని మేనేజరును మొన్న మళ్ళీ అడిగాను. ఫోన్ మీంచి తల ఎత్తకుండా "చూద్దాం" అన్నాడు. గది ఇప్పుడు మందు కలిపే అతని చేతిలో ఉంది. తీపివీ చేదువీ అన్నీ ఒకే అరలో పడేస్తాడు. తేదీలు చూడడు.