తిరగని చక్రం కింద తవ్వినాము

మైదుకూరు మహాజనులకు తెలియజేయడమేమనగా, ఈ రోజు మన వాగు ఇసుకలో ఒక లారీ చక్రం పని చేయనని కూర్చుంది.

లారీలో రైతు ఓబులేసు తమలపాకుల కట్టలు ఉన్నాయి. తోట బావి ఎండిపోయింది, ఇదే ఆఖరి కోత. సాయంత్రం రైలుకు కడప చేరకపోతే ఆకు వాడిపోతుంది. వెనక ఎడమ చక్రం ఇసుకలో గిర్రున తిరుగుతోంది. గట్టి నేల మీదున్న కుడి చక్రం కదలడం లేదు.

“ఇదేమప్పా, ఇది అలిగిందా?” అన్నాడు ఓబులేసు.

“ఇరుసు నడుమ పళ్లచక్రాలు ఉండాయి మామా. మలుపులో రెండు చక్రాలు వేరేవేరేగా తిరగాల గదా, అందుకని. యాడ పట్టు లేదో తిరుగుడంతా ఆ పక్కకే పోతాది,” అన్నాడు డ్రైవర్ మస్తాన్.

“మా నాయన ఆస్తి పంపకమూ ఇట్టనే. జారిపోయేటోనికే అంతా పోయింది,” అన్నాను గట్టున నిలబడి చూస్తున్న నేను.

ఎడమ చక్రం కింద వేయడానికి మస్తాన్ కంప కొట్టుకురావడానికి పోయాడు. నేను ఊరుకోలేక, “బండి ఇరుక్కుంటే తిరగని చక్రం కిందనే గదప్పా తవ్వేది. తవ్వండి,” అన్నాను. ఎగతాళికే అన్నాను. సాయానికొచ్చిన నలుగురూ ఎద్దులబండ్లు తోలిన మనుషులు, నిజమనుకుని తవ్వేశారు.

కంపతో తిరిగొచ్చిన మస్తాన్, కుడి చక్రం కూడా ఇరుసు దాకా దిగబడడం చూసి కంపను కింద పడేశాడు. ఓబులేసు కట్టల మీద తడిగుడ్డ కప్పుతూనే ఉన్నాడు. దూరంగా రైలు కూత వినిపించింది.

రేపు ఓబులేసుకు నేనేం చెప్పాలో మీకెవరికైనా తోస్తే చెప్పండి.

కడప రైలు కూత ఇక్కడికి వినపడదు, అది నేను చేర్చాను. మా నాయనకు పంచడానికి ఏమీ లేదు, అదీ కల్పనే. ‘తవ్వండి’ అన్న మాట మాత్రం కల్పించలేదు.